అప్పుడే పుట్టిన దూడ గుండె, ఊపిరితిత్తులు: పాడి రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆవు ఈనింది, దూడ కదిలింది, ఇక గండం గడిచిందని చాలామంది చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లిపోతారు. దూడ ఒంట్లో అసలు పని అప్పుడే మొదలవుతుంది. తొమ్మిది నెలలు ఒక దారిలో నడిచిన రక్తం నిమిషాల్లో దారి మార్చుకోవాలి, నీళ్లతో నిండిన ఊపిరితిత్తులు గాలితో నిండాలి. ఈ మార్పు మొదలవడానికి క్షణాలు చాలు, స్థిరపడడానికి రోజులు పడుతుంది. మధ్యలో చలి తగిలినా, గాలి చాలకపోయినా దూడ మళ్లీ పాత దారికి జారిపోగలదు. ఈ పేజీలోని జవాబులన్నీ ఆ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే.

కడుపులో ఉన్న దూడ ఊపిరి పీలుస్తుందా?

ఛాతీ కదుపుతుంది గానీ గాలి ఉండదు. ఆ కదలికలు కండరాలకు సాధన మాత్రమే. ప్రాణవాయువు తల్లి రక్తం నుంచి మాయ ద్వారా వస్తుంది. ఆవులో మాయ గర్భసంచికి ఒకే చోట కాకుండా దాదాపు 80 నుంచి 120 చోట్ల అతుక్కుని ఉంటుంది. తల్లి రక్తం, దూడ రక్తం ఎక్కడా కలవవు. పల్చటి పొరల మీదుగా ఆక్సిజన్ ఇటు వస్తుంది, బొగ్గుపులుసు వాయువు అటు పోతుంది.

ఇలా అందే ఆక్సిజన్ పెద్ద ఆవు ఒంట్లో ఉండేదానికంటే చాలా తక్కువ. అయినా సరిపోతుంది, ఎందుకంటే కడుపులోని దూడకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. కొంచెం ఆక్సిజన్ దొరికినా గట్టిగా పట్టుకుంటుంది. పుట్టిన రెండు మూడు నెలల్లో దాని స్థానంలో మామూలు హిమోగ్లోబిన్ వచ్చేస్తుంది.

మరి ఊపిరితిత్తుల్లో ఉండేది ఉమ్మనీరేనా?

కాదు. ఊపిరితిత్తులే స్వయంగా ఊరించుకున్న ద్రవం అది. లోపల ఆ ద్రవం నిండుగా ఉంటేనే అవి సరైన సైజుకు పెరుగుతాయి. ఈ తేడా తెలిస్తే, పుట్టిన దూడను తలకిందులుగా వేలాడదీయడం గురించి కింద చెప్పేది సులువుగా అర్థమవుతుంది.

కడుపులో ఉన్నప్పుడు దూడ రక్తం ఎటు తిరుగుతుంది?

ఊపిరితిత్తుల్లో గాలి లేదు కాబట్టి అక్కడికి ఎక్కువ రక్తం పంపడం దండగ. అక్కడి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి, గుండె పంపే రక్తంలో పదో వంతు మాత్రమే లోపలికి వెళ్తుంది. మిగతాది అడ్డదారులు పడుతుంది.

అవి మూడు. గుండె పై గదుల మధ్య గోడలో ఒక రంధ్రం ఉంటుంది, కుడివైపు రక్తం దాని గుండా నేరుగా ఎడమవైపుకు దాటుతుంది. ఊపిరితిత్తులకు వెళ్లే పెద్ద ధమనిని, ఒంటికంతటికీ రక్తం పంచే బృహద్ధమనిని కలుపుతూ ఒక పొట్టి నాళం ఉంటుంది. మూడోది కాలేయంలో ఉంది, బొడ్డు నుంచి వచ్చిన రక్తంలో కొంత కాలేయాన్ని తప్పించుకుని దాని గుండా గుండెకు చేరుతుంది. దూడ పుట్టాక ఈ మూడూ మూసుకోవాలి.

పుట్టగానే మొదటి ఊపిరి తీయించేది ఏమిటి?

ఒక్క కారణం కాదు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. బొడ్డుతాడు తెగగానే ఆక్సిజన్ రావడం ఆగుతుంది, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, అది మెదడులోని ఊపిరి కేంద్రాన్ని పొడుస్తుంది. వెచ్చటి గర్భం నుంచి బయటి గాలిలో పడగానే తడి ఒంటికి చల్లదనం తగులుతుంది. తల్లి గరుకు నాలుకతో నాకుతుంది. ఆరోగ్యంగా ఉన్న దూడ అర నిమిషం, నిమిషం లోపు ఊపిరి అందుకుంటుంది.

మొదటి ఊపిరే కష్టం. తడిసిన పాలిథిన్ కవరును విడదీయడానికి మొదట ఎంత బలం కావాలో, మూసుకుని ఉన్న గాలిగదులను తెరవడానికి అంత బలం కావాలి. ఒకసారి తెరుచుకున్నాక ఊపిరి వదిలినా కొంత గాలి లోపలే నిలిచిపోతుంది, కాబట్టి రెండో ఊపిరి తేలిక, మూడోది ఇంకా తేలిక. అవి మళ్లీ అతుక్కోకుండా కాపాడేది సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పదార్థం. దాని గురించి నెలలు నిండని దూడల దగ్గర మళ్లీ చెప్పుకుందాం.

ఊపిరితిత్తుల్లోని నీరు బయటికి రావాలంటే దూడను వెనక కాళ్లు పట్టి వేలాడదీయాలి కదా?

మా దగ్గరికి ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. ఊళ్లలో దూడ పుట్టగానే ఇద్దరు చెరో కాలు పట్టుకుని లేపడం, గేటుకు వేలాడదీయడం, కొన్నిచోట్ల గిరగిరా తిప్పడం కూడా చూస్తుంటాం. అప్పుడు నోట్లోంచి జిగట నీరు ధారగా కారుతుంది. అది చూసి "అంతా ఊపిరితిత్తుల్లోదే, బయటికొచ్చేసింది" అనుకుంటారు. కారేదాంట్లో ఎక్కువ భాగం దూడ పొట్టలోంచి వచ్చేదే.

ఊపిరితిత్తుల్లోని ద్రవం పోయే దారి వేరు. తల్లి నొప్పులు పడుతున్నప్పుడు దూడ ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది. దాంతో గాలిగదుల గోడలు అప్పటిదాకా ఊరించిన ద్రవాన్ని వెనక్కి పీల్చుకోవడం మొదలుపెడతాయి. మొదటి ఊపిరులతో మిగిలినది చుట్టుపక్కల కణజాలంలోకి నెట్టుకుపోయి, అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది. ఇరుకు దారిలోంచి వచ్చేటప్పుడు ఛాతీ నొక్కుకుని కొంచెం ముక్కులోంచి కూడా వస్తుంది, కానీ అది చిన్న భాగమే.

తలకిందులుగా ఉంచితే పేగులు, కాలేయం బరువంతా విభాజక పటలం మీద పడుతుంది. ఊపిరి పీల్చే ప్రధాన కండరం అదే. అసలే మొదటి ఊపిరుల కోసం తంటాలు పడుతున్న దూడకు పైన బరువు పెట్టినట్టవుతుంది. నోట్లో, గొంతులో జిగట అడ్డం పడి ఉంటే కొన్ని క్షణాలు తల కిందికి వాల్చి వేళ్లతో తీసేయండి, చాలు. సిజేరియన్‌తో తీసిన దూడలను కొందరు డాక్టర్లు కాసేపు వేలాడదీస్తారు. అక్కడ కూడా నిమిషం, నిమిషంన్నర దాటకూడదు. గిరగిరా తిప్పడం మాత్రం ఎవరికీ, ఎప్పుడూ వద్దు.

ఊపిరి మొదలయ్యాక గుండెలో ఏం మారుతుంది?

గాలి లోపలికి వెళ్లగానే ఊపిరితిత్తుల రక్తనాళాలు వదులవుతాయి, రక్తం ఒక్కసారిగా అటు పరుగెడుతుంది. ఊపిరితిత్తుల్లోంచి తిరిగి వచ్చే రక్తంతో గుండె ఎడమ గది నిండి అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. అదే సమయంలో బొడ్డుతాడు తెగడంతో కుడివైపుకు వచ్చే రక్తం తగ్గుతుంది. ఎడమవైపు ఒత్తిడి పైచేయి కాగానే పై గదుల మధ్య రంధ్రం మీద ఉన్న పల్చటి పొర నొక్కుకుని మూసుకుంటుంది. అప్పటికి అది మూసుకున్నదే గానీ అతుక్కున్నది కాదు. పూర్తిగా అతుక్కోవడానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది.

ధమనుల మధ్య ఉన్న పొట్టి నాళం కథ వేరు. దాని గోడల్లో కండరం ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ పెరగడం, మాయ నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం ఆగిపోవడం, ఈ రెండింటి వల్ల అది ముడుచుకుంటుంది. కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో పని ఆపేస్తుంది, ఆ తర్వాత మెల్లగా నరంలాంటి పోగుగా మిగిలిపోతుంది. ఈలోపు డాక్టరు స్టెతస్కోప్ పెడితే గుండె చప్పుడులో చిన్న గరగర వినిపించవచ్చు. మొదటి రోజుల్లో వినిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. వారం తర్వాత కూడా గట్టిగా ఉంటేనే ఆలోచించాలి.

మూసుకున్న దారులు మళ్లీ తెరుచుకుంటాయా?

తెరుచుకుంటాయి. రైతులు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

పశువుల ఊపిరితిత్తుల రక్తనాళాలకు కండరం మందంగా ఉంటుంది. ఆక్సిజన్ తగ్గినా, రక్తంలో ఆమ్లం పెరిగినా, ఒళ్లు చల్లబడినా అవి వెంటనే బిగుసుకుంటాయి. బిగుసుకోగానే కుడివైపు ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది, ఇంకా అతుక్కోని రంధ్రం తోసుకుని తెరుచుకుంటుంది, రక్తం ఊపిరితిత్తులను తప్పించుకుని పాత దారిలో పోతుంది. దాంతో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది, నాళాలు ఇంకా బిగుస్తాయి. పుట్టినప్పుడు బాగానే ఉన్న దూడ రెండు మూడు గంటల తర్వాత నీరసించి, నాలుక నీలంగా మారి పడిపోవడం వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. "బాగానే పుట్టింది సార్, దిష్టి తగిలినట్టుంది" అంటారు. తడి ఒంటితో చల్లటి సిమెంటు గచ్చు మీద వదిలేశారా అని ముందు అడగాలి.

ఆవుల ఊపిరితిత్తులు ఆక్సిజన్ కొరతకు ఎంత గట్టిగా స్పందిస్తాయో అమెరికాలోని కొలరాడోలో వందేళ్ల కిందటే గమనించారు. అక్కడి ఎత్తైన కొండల మీద మేసే పశువులకు గంగడోలు, రొమ్ము భాగం నీరు పట్టి వాచిపోయి, గుండె కుడివైపు అలసిపోయి చనిపోయేవి. 1915లో దాన్ని జబ్బుగా నమోదు చేశారు. తర్వాత అదే రాష్ట్రంలో, మనుషుల్లో పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల రక్తపోటును అర్థం చేసుకోవడానికి అప్పుడే పుట్టిన దూడలనే ఎంచుకున్నారు. మన అరకు, లంబసింగి ఎత్తుకు ఆ జబ్బు రాదు. కానీ నాళాలు బిగుసుకునే గుణం మన పాకలోని దూడకూ అదే.

దూడ బాగానే ఉందని ఎలా తెలుస్తుంది? అంకెలు చెప్పండి.

పుట్టిన రెండు మూడు నిమిషాల్లో తల ఎత్తాలి. ఐదు నిమిషాలకు అటూ ఇటుగా, పక్కకు పడి ఉండకుండా రొమ్ము మీద కూర్చోవాలి. పావుగంట దాటినా కూర్చోలేకపోతే ఆ దూడకు సాయం కావాలి. గంట, రెండు గంటల్లో నిలబడి పొదుగు వెతకాలి.

గుండె నిమిషానికి 100 నుంచి 150 సార్లు కొట్టుకుంటుంది. ఎడమ మోచేతి వెనక ఛాతీ మీద అరచేయి పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 80 కంటే తగ్గితే ప్రమాదం. ఊపిరి మొదటి గంటల్లో నిమిషానికి 50 నుంచి 75 దాకా ఉండొచ్చు, తర్వాత 30 నుంచి 60 మధ్యకు దిగుతుంది. పెద్ద ఆవుతో పోల్చి "రొప్పుతోంది" అని కంగారు పడొద్దు. డొక్కలు లోపలికి పోయేలా పీలుస్తున్నా, నోరు తెరిచి పీలుస్తున్నా, వదిలేటప్పుడు మూలుగుతున్నా అది మామూలు కాదు. ఒంటి వేడి 101.5 నుంచి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి.

పరికరాలేవీ లేకపోతే చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉంటే మంచిది. నీలంగా ఉంటే ఆక్సిజన్ చాలడం లేదు, తెల్లగా పాలిపోతే రక్తప్రసరణ దెబ్బతింది. కాలి గిట్టల మధ్య గిల్లితే కాలు లాక్కోవాలి, నాలుక లాగితే వెనక్కి తీసుకోవాలి. ఒళ్లంతా పసుపు గోధుమ రంగు జిగట అంటుకుని పుడితే, కడుపులోనే ఊపిరాడక పేడ వేసుకుందని అర్థం. అలాంటి దూడను చూడడానికి బాగున్నా ఒక రోజంతా కనిపెట్టుకుని ఉండాలి.

పుట్టిన దూడ ఊపిరి తీయడం లేదు. డాక్టరు వచ్చేలోపు ఏం చేయాలి?

ముందు గుండె మీద చేయి పెట్టండి. గుండె కొట్టుకుంటుంటే ఆశ ఉంది, అంతకుమించి ఆలోచించకుండా పని మొదలుపెట్టండి.

ముక్కు, నోటి మీది పొరను తీసేసి, నోట్లో వేళ్లు పెట్టి జిగట లాగేయండి. దూడను రొమ్ము మీద కూర్చోబెట్టండి. వెనక కాళ్లు రెండూ ముందుకు, చెరోవైపు వచ్చేలా పెడితే పక్కకు ఒరగదు. ఇలా కూర్చుంటే రెండు ఊపిరితిత్తులూ సమానంగా తెరుచుకుంటాయి. పక్కకు పడుకుంటే కిందివైపు ఊపిరితిత్తి బరువుకు నొక్కుకుని పని చేయదు. ఖర్చు లేని వైద్యం ఇది, ఇంజక్షన్ల కంటే ముందు చేయాల్సింది కూడా ఇదే.

తర్వాత గడ్డిపరక తీసుకుని ముక్కులోకి పోనిచ్చి కదపండి. తుమ్మినట్టు ఎగపీలుస్తుంది, ఆ ఎగపీల్పే కావాలి. చెంబుడు చల్లటి నీళ్లు తల మీద, చెవిలో పోస్తే కూడా ఉలిక్కిపడి ఊపిరి తీస్తుంది. నీళ్లు తలకే, ఒంటికి కాదు. ఆ వెంటనే తుడవాలి. రెండు ముక్కుపుటాల మధ్య గోడలో సన్న సూదితో గుచ్చి తిప్పడం డాక్టర్లు చేసే ఇంకో పద్ధతి. ఈలోపు ఇంకొకరు పొడి గోనెసంచితో వీపు, డొక్కలు, ఛాతీ గట్టిగా రుద్దుతూ ఉండాలి. చరచడం, కొట్టడం అక్కర్లేదు. కష్టపడి లాగిన దూడకు పక్కటెముకలు విరిగి ఉండే అవకాశం ఉంది, చరిస్తే ఆ ముక్కలు ఊపిరితిత్తిలో గుచ్చుకుంటాయి.

ఆక్సిజన్ సిలిండర్ అందుబాటులో ఉంటే ముక్కులో గొట్టం పెట్టి నిమిషానికి 5, 6 లీటర్ల చొప్పున ఇస్తారు. మన పల్లెల్లో అది దొరకడం అరుదే.

నోట్లో నోరు పెట్టి ఊదొచ్చా?

వద్దు. ఊదిన గాలి చాలావరకు పొట్టలోకి పోయి ఉబ్బిస్తుంది, అది మళ్లీ ఊపిరికే అడ్డం. అంతకంటే పెద్ద భయం బ్రూసెల్లోసిస్. తల్లికి ఆ జబ్బు ఉంటే ఉమ్మనీటిలో, మాయలో క్రిములు కోట్లల్లో ఉంటాయి, అవి మనిషికి అంటుకుంటే నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు. ఈనే పశువును పట్టుకునేటప్పుడు చేతులకు గ్లోవ్స్ వేసుకోమని చెప్పేది కూడా ఇందుకే. గాలి పంపింగ్ చేయడానికి దూడల మాస్కులు, చేతి పంపులు దొరుకుతాయి. పది పశువులకు మించి ఉన్న డెయిరీలో ఒకటి కొనిపెట్టుకోవడం మంచి పని.

ఊపిరి తెప్పించే ఇంజక్షన్ ఉందట కదా?

డాక్సాప్రామ్ అనే మందు ఉంది. మెదడులోని ఊపిరి కేంద్రాన్ని రెచ్చగొడుతుంది. కానీ అది ఒంటికి కావాల్సిన ఆక్సిజన్‌ను కూడా పెంచుతుంది. గాలి దారి శుభ్రం చేయకుండా, దూడను కూర్చోబెట్టకుండా ఇస్తే మేలుకంటే కీడే ఎక్కువ. డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు ఇది, షాపులో కొని పొడిచేది కాదు.

దూడ వెనక కాళ్లతో వస్తోంది. అంత తొందరెందుకు అంటారు?

ముందు కాళ్లతో, తలతో వచ్చే దూడకు బొడ్డుతాడు నొక్కుకునే వేళకు ముక్కు బయట ఉంటుంది, ఊపిరి తీసుకోగలదు. వెనక కాళ్లతో వచ్చే దూడకు బొడ్డుతాడు తల్లి కటి ఎముకకు నొక్కుకునే సమయానికి తల ఇంకా లోపలే ఉంటుంది. మాయ నుంచి రక్తం ఆగిపోయింది, గాలి అందే దారి లేదు. లోపలే ఊపిరి తీయబోయి ఉమ్మనీరు పీల్చేస్తుంది. తుంటి బయటపడిన దగ్గర్నుంచి చేతిలో ఉండేవి కొన్ని నిమిషాలే.

అలాగని దారి తెరుచుకోకముందే లాగకూడదు. దారి పూర్తిగా విచ్చుకునే దాకా ఆగి, జారుడుకు శుభ్రమైన లిక్విడ్ పారాఫిన్ రాసి, మొదలుపెట్టాక ఆగకుండా బయటికి తీయాలి. అరికాళ్లు పైకి చూస్తూ గిట్టలు కనిపిస్తే వెనక కాళ్లు కావచ్చు. ఆ క్షణమే ఫోన్ చేయండి.

తల ముందు వచ్చే ఈతల్లో కూడా నీటిసంచి కనిపించిన గంటలో ముందడుగు లేకపోతే ఆగొద్దు. చిన్న నాటు ఆవుకు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే పెద్ద విదేశీ జాతి) వీర్యం వేయించినప్పుడు, తొలిచూలు పడ్డల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. గంటల తరబడి ఇరుక్కుని పుట్టిన దూడ రక్తంలో ఆమ్లం బాగా పెరిగిపోయి ఉంటుంది. మామూలు ఈతలోనూ కొంత ఆమ్లం ఉంటుంది, ఊపిరి సరిగ్గా ఆడితే గంటల్లో సర్దుకుంటుంది. ఇలాంటి దూడకు మాత్రం ఒకటి రెండు రోజులు పడుతుంది. నాలుక వాచి ఉంటే చీకలేదు, కాబట్టి పాలు పిండి తాగించాలి.

నెలలు నిండకుండా పుట్టిన దూడ బతుకుతుందా?

ఎన్ని రోజులు ముందు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆవు చూడి కాలం దాదాపు 280 రోజులు, ఒంగోలు జాతిలో ఇంకాస్త ఎక్కువ, గేదెలో దాదాపు 310 రోజులు. చివరి వారాల్లో దూడ ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాని వల్లే గాలిగదుల్లో సర్ఫాక్టెంట్ తయారీ ఊపందుకుంటుంది. అది చాలకముందే పుడితే ఊపిరి వదిలినప్పుడల్లా గాలిగదులు అతుక్కుపోతాయి, ప్రతి ఊపిరీ మొదటి ఊపిరంత కష్టమవుతుంది. దూడ మొదట బాగానే కనిపించి, కొన్ని గంటల్లో అలసిపోతుంది.

అందుకే ఇన్సెమినేషన్ తేదీ గోడ మీదో కార్డు మీదో రాసి ఉంచమని ప్రతి రైతుకూ చెబుతాం. తల్లికి జబ్బు చేసి ముందుగానే ఈనించాల్సి వస్తే డాక్టరు ఆ తేదీ చూసే నిర్ణయం తీసుకుంటారు. అప్పుడు వాడే డెక్సామెథసోన్ లాంటి మందులు దూడ ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి కూడా తోడ్పడతాయి.

సిజేరియన్‌తో పుట్టిన దూడకు తేడా ఉంటుందా?

నొప్పులు మొదలు కాకముందే తీస్తే ఉంటుంది. అడ్రినలిన్ పెరగలేదు కాబట్టి ఊపిరితిత్తుల్లో ద్రవం ఎక్కువగా మిగిలి ఉంటుంది. రుద్దడం, కూర్చోబెట్టడం ఇంకా శ్రద్ధగా చేయాలి.

మాయ పడేదాకా దూడను పాలు తాగనివ్వకూడదు అంటారు. నిజమా?

నిజం కాదు. ఈ నమ్మకం వల్ల ఎన్ని దూడలు పోతున్నాయో లెక్క కట్టేవాళ్లు లేరు. దూడ చీకితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడడానికి అది సాయమే.

ముర్రుపాలకూ ఊపిరికీ దగ్గరి సంబంధం ఉంది. ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి కావాల్సిన శక్తి దూడకు వాటి నుంచే వస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉంటేనే ఊపిరితిత్తుల నాళాలు తెరిచి ఉంటాయి. ఇంకోవైపు, ఊపిరాడక పుట్టిన దూడ చీకడంలో మందంగా ఉంటుంది, ముర్రుపాలలోని రక్షక పదార్థాలను పేగుల నుంచి పీల్చుకోవడం కూడా తగ్గవచ్చు. అలా పీల్చుకునే శక్తి ఎలాగూ 24 గంటల్లో పోతుంది. కాబట్టి కష్టంగా పుట్టిన దూడకు "ఆకలేస్తే అదే తాగుతుందిలే" అనడం కుదరదు. బరువులో పదో వంతు, అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు, మొదటి ఆరు గంటల్లో రెండు విడతలుగా తాగించండి. జున్ను వండుకోవడం, పక్కింటికి పంచడం ఆ తర్వాత.

సీసాతో పాలు పడితే న్యుమోనియా వస్తుందా?

పట్టే తీరును బట్టి. దూడ తలను ఆకాశంలోకి ఎత్తి పోస్తే పాలు గాలిగొట్టంలోకి జారతాయి. దూడ నిలబడో రొమ్ము మీద కూర్చునో ఉండాలి, తల తల్లి పొదుగు దగ్గర ఉండే ఎత్తులోనే ఉండాలి, చీకే బలం లేని దూడకు బలవంతంగా పోయకూడదు. నూనె, కషాయం, అల్లం రసం లాంటివి పుట్టిన దూడ గొంతులో పోసే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానేయండి. ఆవు ఊపిరితిత్తులు చిన్న చిన్న గదులుగా గోడలు కట్టి ఉంటాయి, ఒక గదికి గాలి దారి మూసుకుపోతే పక్క గది నుంచి గాలి రాదు. అందుకే కొంచెం నూనె లోపలికి పోయినా ఆ భాగం అలాగే మూసుకుపోయి చీము పడుతుంది. చీకలేని దూడకు పొట్టలోకి గొట్టం వేసి పాలు పట్టడం ఒకసారి డాక్టరు దగ్గర చూసి నేర్చుకుంటే మంచిది.

చలికాలం, ఎండాకాలం: ఏది ఎక్కువ ప్రమాదం?

పుట్టిన దూడకు చలే. 15 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి దూడ ఎక్కువ ఆక్సిజన్, ఎక్కువ శక్తి ఖర్చు పెట్టాలి. జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రిళ్లు 10 డిగ్రీల లోపుకు వెళ్తాయి. తడి ఒళ్లు, గాలి వీచే పాక తోడైతే కోస్తాలో కూడా అంతే సంగతి. మందంగా ఎండుగడ్డి పరచండి, ఒళ్లు పొడిగా తుడవండి, గోనెపట్టా కప్పండి. పాక మొత్తం మూసేసి పొగ పెట్టడం మాత్రం వద్దు. కొత్త ఊపిరితిత్తులకు పొగ, మూత్రం ఘాటు రెండూ విషమే.

ఎండ దెబ్బ వేరే దారిలో వస్తుంది. రెంటచింతల లాంటి చోట మే నెల ఎండలో చివరి నెల చూడి ఆవు అల్లాడితే దూడ కొన్ని రోజులు ముందే, తక్కువ బరువుతో పుడుతుంది. అమెరికాలో ఫ్లోరిడా పరిశోధకులు ఈ విషయం మీద ఏళ్ల తరబడి పని చేశారు. చూడి ఆవుకు నీడ, ఫ్యాను, ఒంటి మీద నీళ్లు అంటే పాల కోసమే అనుకోవద్దు.

గుండెలో రంధ్రంతో దూడలు పుడతాయా?

పుడతాయి. దూడల్లో ఎక్కువగా కనిపించేది గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం. రంధ్రం చిన్నదైతే దూడ పెరిగి పెద్దదై పాలిస్తుంది కూడా. పెద్దదైతే తోటి దూడల కంటే వెనకబడుతుంది, పాలు చీకుతూ మధ్యలో ఆగి రొప్పుతుంది, కాస్త పరిగెత్తగానే కూలబడుతుంది. మందులతో పూడేది కాదు. ఒకే ఎద్దు వీర్యంతో ఇలాంటి దూడలు మళ్లీ పుడితే ఆ సంగతి వీర్యం వేయించిన సెంటరులో చెప్పాలి.

ఎప్పుడో ఒకసారి, మెడ కింద చర్మం లోపల గుండె కొట్టుకుంటూ కనిపించే దూడ పుడుతుంది. వింత చూడడానికి ఊరంతా వస్తారు. గుండె ఛాతీలోకి దిగకుండా మెడలోనే ఉండిపోయిన లోపం అది, పశువుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

నోట్లో పుండ్లు లేవు, జ్వరం లేదు, దూడ పాలు తాగుతూ తాగుతూ పడి చనిపోయింది. ఎందుకు?

మందలో గాలికుంటు ఉందేమో చూడండి. పెద్ద పశువులకు నోరు, గిట్టల పుండ్లతో పోయే జబ్బు, చిన్న దూడల్లో నేరుగా గుండె కండరాన్ని పట్టుకుంటుంది. కోసి చూస్తే గుండె మీద పసుపు బూడిద రంగు చారలు కనిపిస్తాయి, డాక్టర్లు దాన్ని పులి గుండె అంటారు. దూడకు పుండ్లు లేచే వ్యవధి కూడా ఉండదు.

తల్లికి టీకా వేయించి ఉంటే ముర్రుపాల ద్వారా దూడకు కొన్ని నెలలు రక్షణ ఉంటుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఏడాదికి రెండుసార్లు ఉచితంగా టీకా వేస్తున్నారు. దూడకు నాలుగు నెలలు నిండాక మొదటి టీకా, తర్వాత బూస్టర్. "చూడి ఆవుకు వేస్తే ఈసుకుపోతుంది" అని టీకా బృందాన్ని వెనక్కి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. నెలలు దగ్గరపడిన పశువు అయితే ఆ మాట బృందంలోని డాక్టరుకు చెప్పండి, నిర్ణయం ఆయన తీసుకుంటారు.

బొడ్డు సంగతేమిటి?

ఆవు దూడలో బొడ్డుతాడు దానంతట అదే తెగితే మంచిది. సాగి తెగినప్పుడు ధమనులు పొట్టలోకి ముడుచుకుపోయి రక్తం ఆగుతుంది. కత్తితో దగ్గరగా కోస్తే ఆ సౌకర్యం పోతుంది. రక్తం కారితే శుభ్రమైన దారంతో కట్టండి, టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. బూడిద, పేడ పెట్టొద్దు. బొడ్డు చీము రక్తంలోకి ఎక్కితే కీళ్లకే కాదు, గుండె కవాటాలకు కూడా పడుతుంది.

ఇదంతా ఆవు దూడలకేనా, బర్రె దూడలకు కూడానా?

గేదె అన్నా, బర్రె అన్నా, ఎనుము అన్నా లోపలి ఏర్పాటు ఇదే. తేడా ఈనే కాలంలో ఉంది. ముర్రా గేదెలు ఎక్కువగా వానాకాలం నుంచి చలికాలం మధ్యలో ఈనుతాయి, అంటే దూడ తడిలోకి, చలిలోకి పుడుతుంది. మగ దూడ పుడితే పట్టించుకునేవాళ్లు తక్కువ. దూడ చనిపోతే చాలా గేదెలు పాలు సేపవు. దూడ మీద జాలి లేకపోయినా, పాల డబ్బుల కోసమైనా ఆ మొదటి రెండు రోజులు కాపు కాయండి.

డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేయాలి? ఏం చెప్పాలి?

పావుగంటలో కూర్చోకపోతే, రెండు గంటల్లో నిలబడకపోతే, చిగుళ్లు నీలంగా ఉంటే, ఒంటి వేడి 100 డిగ్రీల కంటే తగ్గితే, ఊపిరికి మూలుగు తోడైతే తెల్లారేదాకా ఆగొద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ పశువుల సంచార వైద్య వాహనానికి 1962 నంబరు పని చేస్తుంది. ఆవు చూడి ఎన్ని రోజులైంది, ఈతకు ఎంత సేపు పట్టింది, లాగి తీశారా, ముందు కాళ్లా వెనక కాళ్లా, ఇప్పుడు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, ముర్రుపాలు ఎన్ని లీటర్లు తాగింది: ఇవి చెబితే వచ్చే డాక్టరు దేనికి సిద్ధపడి రావాలో ముందే తెలుస్తుంది. ఫోన్ పెట్టేశాక దూడను రొమ్ము మీద కూర్చోబెట్టి రుద్దుతూ ఉండండి.